అద్దంలాంటి చేను

ఓబులయ్య స్వామికి ప్రశ్న వేస్తే కూర్చున్నచోట జవాబు దొరికేది కాదు. ఆయన లేచి చెప్పులు వెతుక్కునేవారు. అడిగినవాళ్ళు ఎక్కడినుంచి వచ్చారో అక్కడికే వాళ్ళను నడిపించుకుపోయేవారు. అందుకని దూరపు ఊళ్ళ శిష్యులు ఆయన్ను ఏదైనా అడగడానికి కొంచెం వెనకాడేవారట.

సుంకులమ్మది దూరమేమీ కాదు. చిత్రావతి ఒడ్డున, స్వామి మఠానికి రెండు మైళ్ళలోనే ఆమె ఊరు. ఇరవై ఏళ్ళుగా ప్రతి ఏకాదశికీ వచ్చి, స్వామి పాదాలకు మొక్కి, ముంగిలి ఊడ్చి పోయేది. ఆ ఆషాఢంలో మాత్రం ఏకాదశి కాని రోజున వచ్చింది, కళ్ళు ఎర్రగా చేసుకుని.

ఆమె బాధంతా చెల్లెలు వెంగమ్మ. ఒకే తల్లి కడుపున పుట్టారు. పెద్దదాన్ని చిత్రావతి మెట్టమీద ఇచ్చారు, చిన్నదాన్ని నెల్లూరు దగ్గర పెన్న మాగాణిలో ఇచ్చారు. చిత్రావతి పోయి కలిసేది పెన్నలోనే కనుక ఇద్దరికీ ఏరొకటేనని తండ్రి మురిసేవాడు. ఏరొకటే గాని బతుకు ఒకటి కాలేదు. వెంగమ్మ చేలో కాలు పెడితే పిక్కదాకా మెత్తగా దిగుతుంది. సుంకులమ్మ చేలో కాలు పెడితే రాయి గుచ్చుకుంటుంది. అక్కడ ఏటా రెండు కార్లూ వరి పండుతుంది. ఇక్కడ వాన పడితే వేరుశనగ, వాళ్ళ మాటలో చెనిక్కాయ; పడకపోతే గొర్రెలు. చెల్లెలు ప్రేమగా పంపే మొలగొలుకుల బియ్యం మూటను సుంకులమ్మ విప్పకుండానే మఠానికి మోయించేది. అందరూ ఆమె భక్తిని మెచ్చుకునేవారు. ఆ తెల్లటి మెతుకు తన గొంతు దిగదని ఆమె ఎవరికీ చెప్పలేదు. స్వామి కూడా ఎన్నడూ అడగలేదు.

కిందటేడు చెల్లెలి ఊరు పోయి వచ్చాక ఆమెకు మనసు నిలవలేదు. ఆ నల్లని మాగాణి, ఒక్క రాయి లేకుండా, నూనె రాసి దువ్విన జుట్టులా కళ్ళల్లోనే ఉండిపోయింది. వేసవంతా కూలీలను పెట్టి, తనూ గంపెత్తి, నాలుగెకరాల చేలో సగం మేర రాళ్ళన్నీ ఏరించి గట్టున పోసింది. భర్త పుల్లన్న చూసి, "రాళ్ళు ఏరితే నెల్లూరొస్తుందా?" అన్నాడు. మూడు రోజులు ఆమె అతనితో మాట్లాడలేదు.

తొలకరికి రెండు సగాల్లోనూ ఒకేనాడు గొర్రుతో చెనిక్కాయ విత్తారు. మొలక బాగా వచ్చింది. అప్పుడే వెంగమ్మ అక్కను చూడవచ్చింది. ఏరిన సగం గట్టున నిలబడి, "అక్కా, అద్దంలాగుందే నీ చేను" అంది. అంతే. ఆమె వెళ్ళాక గాలి తప్ప చినుకు లేదు. పద్దెనిమిది రోజులకు వెంగమ్మ మెచ్చిన రెండెకరాలూ తలలు వాల్చేశాయి. ఆమె మెచ్చని రెండెకరాలూ పచ్చగా నిలబడే ఉన్నాయి.

"ఇంతకంటే సాక్ష్యం ఏం కావాల సామీ?" అంది సుంకులమ్మ. "దానికంత ఉండి, నా పిడికెడు చేను మీద కన్నెందుకు పడాల?" మంత్రించిన నిమ్మకాయ ఇమ్మంది. చెల్లెలు ఇంక తన గడప తొక్కకూడదంది. శ్రావణంలో కొడుకు పెళ్ళికి కూడా పిలవబోనని, సొంత పిన్నమ్మ లేకుండానే పెళ్ళి జరుగుతుందని ఏడుస్తూనే చెప్పింది.

స్వామి చెప్పులు వేసుకున్నారు.

పడమటి గాలి ముఖాన కొడుతోంది. దారిపొడుగునా స్వామి ఆ గాలి సంగతే చెప్పారు. అది ఎక్కడో సముద్రం మీద నీళ్ళెత్తుకుని బయలుదేరుతుందట. పడమటి కొండలు ఎక్కలేక బరువంతా అక్కడే దించేసి, ఉత్త చేతులతో ఇటు దిగుతుందట. అందుకే ఇక్కడ మట్టి మిద్దెలు నిలుస్తాయి, కొర్రా కందీ నిలుస్తాయి, గొర్రె బతుకుతుంది. ఆ పడే కాస్త వానకే ఏరు పొంగి, మెట్ట మన్ను కడుక్కుపోయి, సముద్రం దగ్గర పరిచిపెడుతుంది.

సుంకులమ్మ నడక ఆగిపోయింది. "అంటే దాని మాగాణి మా మన్నేనా?" అంది. ఈ బాధ ఆమెకు కొత్త. ఇంతవరకూ చెల్లెలికి ఎక్కువ వచ్చిందనుకుంది గాని, తనది పోయిందనుకోలేదు. స్వామి నవ్వి, నడవమన్నారు.

చేనికి చేరాక ఏరిన సగంలోకి దిగి, జానెడు లోతు గీకమన్నారు. పైన నేల పెంకు కట్టి ఉంది. గీకితే వేడి దుమ్ము లేచి ఆమె కళ్ళల్లోనే పడింది. తర్వాత ఏరని సగంలోకి తీసుకుపోయి, అరచేతంత రాయి ఒకటి చూపించి, దాన్ని ఎత్తి కింద చెయ్యి పెట్టమన్నారు.

మన్ను చల్లగా ఉంది. తడిగా ఉంది. పద్దెనిమిది రోజుల కిందటి వాన ఆ రాయి కింద ఇంకా ఉంది. సన్నటి తెల్లటి వేరొకటి పక్క మొక్కనుంచి వంగి వచ్చి ఆ తడిని పట్టుకుని ఉంది. సుంకులమ్మ ఇంకో రాయి ఎత్తింది. మరొకటి ఎత్తింది. ఐదారు ఎత్తాక సాలులోనే కూర్చుండిపోయింది. అత్తింటికి వచ్చింది మొదలు తిట్టుకుంటూ తొక్కిన రాళ్ళవి. గట్టు మీద చూస్తే, తాను పోయించిన కుప్ప నడుమెత్తు ఉంది.

లేచి కొంగు దోపుకుని, గంపకు రాళ్ళెత్తి, వాడిన సాళ్ళ మధ్య పరచడం మొదలుపెట్టింది. స్వామి కూడా వంగి నాలుగు రాళ్ళు అందించారు. మూడో గంప దించుతూ, ఆమె ఆయన ముఖం చూడకుండా అడిగింది.

"చెల్లెల్ని పిలవమంటారా సామీ? నా చేనికి దిష్టి తగిలిన మాట వట్టిదేనా?"

స్వామి చెప్పుల్లో పడ్డ మట్టి దులుపుకున్నారు.

"తగిలింది సుంకులమ్మా," అన్నారు. "అంత దూరం నుంచి మాత్రం రాలేదు."