కంబాచారి సైకిలు వెల

అనగనగా, గుర్రం కాలు నిలవని కొండదారుల రాజ్యం ఒకటి ఉండేది. అక్కడ రాజుగారి వార్తాహరుడి నుంచి పాలు పోసే మనిషి దాకా అందరూ సైకిలు మీదే తిరిగేవారు.

ఆ సైకిళ్లు మనిషి కొలతకు చేతితో కట్టినవి. కట్టే వీధి రాజధానిలో కోట వెనుక ఉండేది. అక్కడ ముగ్గురు పనివాళ్లు. కంబాచారి ఇనుప గొట్టాలు కోసి, ఇత్తడి కరిగించి అతికి, సైకిలుకు ఒళ్లు కట్టేవాడు. ఎదురింటి ఫకీరప్ప చక్రాలకు సన్నని ఇనుప పుల్లలు అల్లేవాడు. పక్కింటి ఎల్లమంద తోలు నానబెట్టి సీట్లు కుట్టేవాడు. సైకిలు కావలసినవాళ్లు వచ్చేది మాత్రం కంబాచారి దగ్గరికే. వెల చెప్పేదీ అతనే, వచ్చిన సొమ్ము పంచేదీ అతనే.

కంబాచారి ఒక్కొక్కరినీ గోడకు ఆనించి నిలబెట్టి దారంతో కాలూ చెయ్యీ కొలిచేవాడు. "ఏం మోస్తావు? ఏ దారిన పోతావు?" అని అడిగేవాడు. మంత్రసాని చెంచమ్మకు ఒక కాలు పొట్టి. ఆమె సైకిలుకు ఆ వైపు పెడలు ఎత్తు చేసి పెట్టాడు. మామూలుగా నడిస్తే కుంటే చెంచమ్మ, సైకిలెక్కితే గాలిలా పోయేది.

వెల పది వరహాలు. అది కంబాచారి తండ్రి పెట్టిన వెల. తరవాత ఇనుము ప్రియమైంది, తోలు ప్రియమైంది, బియ్యం ప్రియమయ్యాయి. పది వరహాలు మాత్రం కదల్లేదు. "ఆచారిది చల్లని చెయ్యి, పేదవాళ్ల పాలిటి దేవుడు" అని జనం చెప్పుకునేవారు. ఆ మాట వినడం కంబాచారికి ఎంతో ఇష్టం. అతనికి తాతలు ఇచ్చిన మడి ఉంది, ఇంట్లోకి గింజలు అక్కణ్ణుంచే వచ్చేవి. పిల్లలు లేరు. కాబట్టి అతనికి ఏ లోటూ తెలియలేదు.

ఒకనాడు ఫకీరప్ప వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అన్నా, చక్రానికి ఇచ్చేది చాలడం లేదు. వెల కొంచెం పెంచరాదా?"

"పెంచితే పేదవాళ్లు ఎక్కడికి పోతారు ఫకీరప్పా? సర్దుకుందాం" అన్నాడు కంబాచారి.

కొన్నాళ్లకు ఎల్లమంద వచ్చాడు. "ఇంటిది మంచాన పడింది ఆచారీ. వైద్యుడికి ఇవ్వాలి. ఈసారి నా వాటా కొంచెం చూడు."

కంబాచారి తన మడిలో పండిన బియ్యం ఒక మూట కట్టి ఇచ్చాడు. వెల మాత్రం పెంచలేదు. ఎల్లమంద మూట వంక కాసేపు చూసి, భుజానికెత్తుకుని వెళ్లాడు.

మూడోసారి ఇద్దరూ కలిసి వచ్చారు. ఈసారి అడగడానికి కాదు. సామాను బండికి ఎక్కించుకుని, పోయివస్తామని చెప్పడానికి వచ్చారు. ఫకీరప్ప సున్నపు బట్టీ పనికి వెళ్లాడు. ఎల్లమంద రాళ్ల గనికి వెళ్లాడు.

కంబాచారికి కోపం వచ్చింది. డబ్బు మీద ఆశ పుట్టినవాళ్లకు పని మీద ప్రేమ ఎక్కడుంటుంది అనుకున్నాడు. సీట్లు తనే కుట్టాడు. చక్రాలూ తనే అల్లాడు. చూపుకి గుండ్రంగానే ఉన్నాయి. వెల పది వరహాలే. జనం మునుపటికంటే ఎక్కువగా మెచ్చుకున్నారు.

చెంచమ్మ సైకిలు చక్రం అరిగితే కంబాచారి కొత్తది అల్లి బిగించాడు. ఒక వానాకాలం మధ్యాహ్నం కొండ మీది గూడెంలో ఒకామెకు నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. చెంచమ్మ సంచీ తగిలించుకుని బయల్దేరింది. ఏటవాలులో పుల్లలు ఒకదాని వెంట ఒకటి తెగి, చక్రం మడతపడింది. ఆమె లోయలో పడింది. తుంటి విరిగింది. గొడ్లకాపరులు చూసి పైకి తెచ్చేసరికి పొద్దు వాలిపోయింది.

గూడెంలో తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

కంబాచారి పరుగున వెళ్లి చెంచమ్మ మంచం పక్కన కూర్చున్నాడు. ఆమె తిట్టలేదు. మెల్లగా ఒక్క మాట అడిగింది.

"ఆచారీ, ఆ చక్రం ఫకీరప్ప అల్లింది కాదు కదూ?"

"కాదు."

"మరి అతనేడీ?"

కంబాచారికి, ఫకీరప్ప తన గుమ్మంలో నిలబడిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు ఫకీరప్ప మొహం ఎంత పీక్కుపోయి ఉందో ఇప్పుడు కనబడింది.

మర్నాడే అతను రాళ్ల గనికి నడిచాడు. ఎల్లమంద సమ్మెట దించి, మొహం తుడుచుకున్నాడు.

"ఊరంతా నిన్ను మెచ్చుకుంది ఆచారీ. మా ఇంట్లో పొయ్యి ఆరిపోయింది. నువ్వు బియ్యం ఇచ్చావు. మా ఇంటిదైతే దండం పెట్టింది కూడాను. కానీ నేనడిగింది బియ్యం కాదు, నా పనికి విలువ."

"తెలిసింది ఎల్లమందా. ఆలస్యంగా తెలిసింది. ఇంటామెకు ఎలా ఉంది?"

"పోయింది" అన్నాడు ఎల్లమంద.

కంబాచారి అక్కడే రాయి మీద కూలబడ్డాడు. పొద్దు వాలాక ఎల్లమందే అతన్ని లేపి, "పద, ఫకీరప్ప దగ్గరికి పోదాం" అన్నాడు.

సున్నపు బట్టీ దగ్గర ఫకీరప్ప గోడ తడుముకుంటూ బయటికొచ్చాడు. సున్నం అతని కళ్లు తినేసింది.

"నా చేత ఇక చక్రం కాదన్నా. మా మస్తానమ్మకు పని వచ్చు. అడుగు. వస్తానంటే తీసుకుపో."

మస్తానమ్మ ఫకీరప్ప పెద్దకూతురు. నెత్తిన సున్నపు గంప దించకుండానే ఆమె అడిగింది, "వెల ఎంత పెట్టారు?"

"నువ్వే చెప్పమ్మా" అన్నాడు కంబాచారి.

కంబాచారి, ఎల్లమంద, మస్తానమ్మ ముగ్గురూ చెట్టు నీడన కూర్చుని లెక్క వేశారు. ఇనుముకు, తోలుకు, బొగ్గుకు పోగా, మూడు ఇళ్లు తిని, జబ్బుచేస్తే మందు కొనుక్కోగలిగేంత లెక్క వేశారు. ముప్పై వరహాలు తేలింది.

ఎల్లమంద, మస్తానమ్మ కంబాచారి వెంట తిరిగి పనిలోకి వచ్చారు. కొత్త వెల మాట ఊరంతా పాకింది. దేవుడన్న నోళ్లే ఆశపోతు అన్నాయి. పాలు పోసే రంగస్వామి అంగడి ముందుకొచ్చి నిలదీశాడు. "ముప్పై ఎక్కడ తెచ్చేది ఆచారీ?"

"మూడు పంటల మీద ఇవ్వు నాయనా. ఆగుతాం. తగ్గించమని మాత్రం అడక్కు."

రంగస్వామి విసురుగా వెళ్లిపోయాడు. ఫిర్యాదు రాజుగారి దాకా పోయింది. ముగ్గురినీ సభకు పిలిపించారు.

"పది వరహాల వస్తువును ముప్పైకి అమ్ముతున్నావట. నా ప్రజలు ఏం పాపం చేశారు?" అన్నాడు రాజు.

కంబాచారి చేతులు కట్టుకుని చెప్పాడు. "ప్రభూ, అది ఎన్నడూ పది వరహాల వస్తువు కాదు. కొన్నవాళ్లు పది ఇచ్చారు. మిగతాది వీళ్లిద్దరి ఇళ్లూ కట్టాయి. ఒకరి ఇల్లాలు మందు లేక పోయింది. ఒకరి కళ్లు పోయాయి. మంచి చక్రం అల్లేవాడు లేక, గూడెంలో పసిబిడ్డ పోయింది. పేరు మాత్రం నేను తెచ్చుకున్నాను."



రాజు మస్తానమ్మ వైపు తిరిగాడు. "ఈ వెలకు నువ్వు కట్టిన చక్రం కొండ దిగుతుందా అమ్మా?"

"దిగుతుంది ప్రభూ. తొందరపెట్టకపోతే."

"అయితే మంత్రసానుల సైకిళ్లకూ వార్తాహరుల సైకిళ్లకూ మా బొక్కసం ముప్పై చొప్పున ఇస్తుంది. తొందరపెట్టము" అన్నాడు రాజు.

ఆ ఏడు పెద్దగా బేరాలు లేవు. సంతలో కంబాచారిని చూసి కొందరు మొహం తిప్పుకునేవారు. అతనికి అది గుచ్చుకునేది. అయినా తలొంచుకుని పనికి వచ్చేవాడు. ఫకీరప్పకు చూపు తిరిగి రాలేదు. చెంచమ్మ మళ్లీ సైకిలెక్కలేదు, ఆమె శిష్యురాలు ఎక్కింది. మరుసటి పంటకు రంగస్వామి మొదటి వాయిదా తెచ్చి అరుగు మీద పెట్టి, కొలతకని గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

కొన్నాళ్లకు కొండ మీద నుంచి ఒక యువతి వచ్చి మస్తానమ్మను అడిగింది. "అక్కా, ఈ పని నేర్చుకుంటే తిండికి గడుస్తుందా?"

మస్తానమ్మ చేతిలోని పుల్ల బిగించి, పక్కన చాప పరిచింది.

"గడుస్తుంది. కూర్చో."

పిల్లలూ, దానం చేసేవాడు తన కంచంలోది తీసి పెట్టాలి గాని, పక్కవాడి కంచంలోది తీసి పెట్టి తాను పేరు తెచ్చుకోకూడదు.