సముద్రపు గాలికి కుదువబెట్టిన సన్నాయి

అనగా అనగా, సముద్రానికి ఇంకా ఉప్పురుచి పూర్తిగా అబ్బని రోజుల్లో, మొగలిరేవు అని ఒక పట్నం ఉండేది. నేను ఈ కథ ఎత్తుకుంటే పరుగెత్తే వాగులు నిలబడి విన్నాయి. కొండమీద మేకలు మేత మరిచిపోయాయి. పిల్లలూ, మీరు కాస్త దగ్గరికి జరిగితే చాలు.

ఆ పట్నంలో ఒడ్డునే వల్లభయ్య ఇల్లు. ఇల్లంటే అలాంటిలాంటి ఇల్లా అది! దాని గోడల తెలుపు చూసి పున్నమి చంద్రుడు సిగ్గుపడి మబ్బు చాటుకు తప్పుకునేవాడు. కిటికీ తెరిస్తే వచ్చే గాలికి మంచం పట్టిన ముసలివాళ్ళు లేచి చెడుగుడు ఆడేవారు. నేను ఒక్క పిసరు కూడా పెంచి చెప్పడం లేదు.

గాలి మార్పు కోసం వచ్చేవాళ్ళకు వల్లభయ్య ఆ ఇల్లు అద్దెకిచ్చేవాడు. దానికి కుదువ ఒకటి పెట్టమనేవాడు.

"డబ్బు కుదువ నాకొద్దండీ," అనేవాడు చేతులు నలుపుకుంటూ. "పోతే డబ్బే కదా అని ఇల్లు నాశనం చేస్తారు. మీకు ప్రాణంతో సమానమైన వస్తువేదో పెట్టండి. ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉంటారు. వెళ్ళేనాడు ఇల్లు చూసుకుని మీది మీకిచ్చేస్తాను."

మాట తియ్యగా ఉండేది. గాలి చల్లగా ఉండేది. జనం పెట్టేవారు.

కొండల అవతల ఒక ఊళ్ళో శోభనాద్రి అనే సన్నాయి విద్వాంసుడు ఉండేవాడు. ఆయన వేకువను సన్నాయి ఎత్తితే సూర్యుడు ముఖమైనా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చేవాడు. పెళ్ళిపందిట్లో ఊదితే అలిగిన వియ్యంకులు అలక మరిచి ఒకరికొకరు బూరెలు తినిపించుకునేవారు. అటువంటి మనిషికి ఉబ్బసం పట్టుకుంది.

"సముద్రపు గాలి తగిలితే కొన్నాళ్ళు ఊపిరి కుదుటపడుతుంది," అన్నాడు వైద్యుడు. "ఆపైన దైవం దయ."

శోభనాద్రికి ఒక్కతే కూతురు, నాంచారి. తండ్రి దగ్గర అన్ని పాటలూ నేర్చింది, ఒక్కటి తప్ప. అది పొద్దుపొడుపు పాట. నోటితో పాడి నేర్పితే వచ్చేది కాదది. ఊపిరి ఎక్కడ పట్టాలో, ఎక్కడ వదలాలో పక్కన కూర్చోబెట్టుకుని ఊది చూపించాలి. శోభనాద్రికి తండ్రి అలాగే ఇచ్చాడు. ఆయనకు ఆయన తండ్రి. ఆ పాట పలికేది తాతలనాటి ఆ ఒక్క సన్నాయిలోనే.

"ఊపిరి కాస్త కుదుటపడనీ తల్లీ. అది నీ చేతిలో పెట్టేసి నిశ్చింతగా పడుకుంటాను," అన్నాడు శోభనాద్రి.

ఇద్దరూ మొగలిరేవు వెళ్ళారు. వల్లభయ్య చూపు తిన్నగా సన్నాయి మీద పడింది.

"ఇంకేదైనా పెట్టకూడదా బాబూ? ఇవిగో, నా చెవికమ్మలు," అంది నాంచారి.

"కమ్మలు పోతే కమ్మలొస్తాయమ్మా. అదే పెట్టండి."

పెట్టారు. ఆ ఎండాకాలమంతా అక్కడే ఉన్నారు. శోభనాద్రికి నిజంగానే ఊపిరి తిరిగింది. ఇక ఇంటికి పోయి పాట మొదలుపెడదామని బండి కట్టించారు.

"నా సన్నాయి, బాబూ," అన్నాడు శోభనాద్రి.

"దానికేం భాగ్యం! ఇల్లు సావకాశంగా చూసుకోవద్దూ? జబ్బుమనిషి, ఎండలో నిలబడకండి. మీరు పదండి, వెనకాలే పంపిస్తాను," అన్నాడు వల్లభయ్య.

సన్నాయి రాలేదు. కబురొచ్చింది. "పడకగది గోడకు దీపం మసి పట్టించారు. సున్నం వేసి సన్నాయి తీసుకుపోవలసింది."

"ఆ గదిలో మనం దీపమే పెట్టలేదు కదే! పొగకు నాకు దగ్గొస్తుందని చీకట్లోనే కూర్చున్నాం," అన్నాడు శోభనాద్రి.

"పోనీలే నాన్నా. వాదన పెట్టుకుంటే పొద్దు పోతుంది. సున్నం వేస్తే సన్నాయి వస్తుంది," అంది నాంచారి.

సున్నం తట్ట నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. ఆమె నడకకు కొండలు ఒంగి దారిచ్చాయి. ఆమె వేసిన సున్నానికి దారి తప్పిన కొంగలు గోడను మబ్బనుకుని కిటికీలోంచి వచ్చి గుద్దుకున్నాయి.

వల్లభయ్య గోడంతా తడిమి చూశాడు. "బాగుందమ్మాయ్. కానీ నీళ్ళకాగు బీట వారింది. అది ఎవరు తెచ్చిస్తారు?"

నాంచారి ఉత్త చేతులతో ఇల్లు చేరింది. తండ్రి మంచంలో లేచి కూర్చున్నాడు. "తెచ్చావా తల్లీ?"

"తెస్తాను నాన్నా."

ఆయన ఊపిరి అప్పటికే కొంచెం కురచయింది.

రెండోసారి కొత్త కాగు మోసుకుపోయింది. ఎంత కాగనుకున్నారు? అందులో ఏనుగు మునిగితే తొండం కూడా పైకి కనబడదు! వల్లభయ్య దాన్ని వేలితో కొట్టి చూశాడు. ఖణేల్మంది.

"కాగుకు వంక లేదు. కానీ మీరు ఇల్లు ఊడవకుండా పోయారు. గదుల నిండా ఇసుక. నా నడుం విరిగింది. దాని సంగతి తేలాలి."

"వల్లభయ్యగారూ, మా నాన్న ఊపిరి ఆగేలా ఉంది. ఒక్క పాట నేర్చుకోవాలి. సన్నాయి ఇప్పించండి. మీ ఇల్లు ఏడాదంతా నేనే ఊడుస్తాను," అని కాళ్ళ మీద పడింది.

"ముందు మీ నాన్నను అడిగిరా, తప్పు ఒప్పుకుంటాడేమో," అన్నాడు వల్లభయ్య.

తప్పు ఒప్పుకుంటానని తండ్రి చెప్పిన మాట పట్టుకుని మూడోసారి వెళ్ళింది. వల్లభయ్య ఊళ్ళో లేడన్నారు. తాళం చూసి తిరిగి వచ్చింది. వచ్చేసరికి ఇంటిముందు మనుషులు నిలబడి ఉన్నారు.

ఇక్కడ పెంచి చెప్పడానికేమీ లేదు. ఆ పొద్దున శోభనాద్రి పోయాడు. చివరిదాకా కుడిచేతి వేళ్ళు దుప్పటి మీద కదులుతూనే ఉన్నాయని పక్కింటి ముసలమ్మ చెప్పింది. ఏ రంధ్రం మూయాలో, ఏది తెరవాలో ఆ వేళ్ళకు తెలుసు. చూస్తున్నవాళ్ళకు తెలియదు.

కర్మలయ్యాక నాంచారి రాజుగారి కొలువుకు వెళ్ళింది. వల్లభయ్యను పిలిపించారు.

"నేనేమైనా దోచుకున్నానా ప్రభూ?" అన్నాడు వల్లభయ్య గుండె బాదుకుంటూ. "గోడ మసి చేశారు. కాగు బీట వార్చారు. ఇల్లు ఊడవకుండా పోయారు. వీళ్ళ బండి కదిలీ కదలకముందే నేనే చీపురు పట్టుకుని ఇల్లంతా మూలమూలా ఊడ్చుకున్నాను. నా నడుమునడగండి, సాక్ష్యం చెబుతుంది!"

సభ అంతా ఉలిక్కిపడింది. మనిషి ప్రయాణమై గడప దాటగానే మన ఇళ్ళల్లో ఊడవరు కదా. శవం లేచిన ఇంట్లో చేసే పని అది.

"జబ్బుమనిషి అటు వెళ్ళగానే చీపురు పట్టావుట్రా పాపిష్ఠీ! ఆ చీపురే ఆయన్ని మింగింది!" అంది రాజమాత.

"కొట్టండి! హంతకుడు!" అని జనం అరిచారు. రాజుగారి ముఖం ఎర్రబడింది. శిక్ష వేయడానికి చెయ్యి పైకి లేచింది. నాంచారి నోరు మెదపకపోతే చాలు, గెలుపు ఆమెదే.

"ఆగండి ప్రభూ," అంది నాంచారి. "చీపురు మా నాన్నను చంపలేదు. ఆయన్ని తీసుకుపోయింది ఉబ్బసం. లేని మసి మాకు పూశాడనే కదా నేను వచ్చాను. లేని హత్య ఈయనకు నేనెలా పూయను?"

రాజు ఎత్తిన చెయ్యి దించాడు.

"మరి నీ మాటేమిటమ్మా?" అన్నాడు రాజు.

"ఆయన మాటే నా మాట. మేం వెళ్ళిన పూటే మూలమూలా ఊడ్చానన్నారు. అంటే గోడా ఆ పూటే చూశారు, కాగూ ఆ పూటే చూశారు. అన్నీ ఒక్కసారే చెబితే ఒక్కసారే వచ్చి సరిచేసేదాన్ని. సున్నం వేశాక కాగు ఎలా బీట వారింది? కాగు తెచ్చాక ఇసుక ఎక్కడినుంచి వచ్చింది?"

వల్లభయ్య చేతులు నలుపుకుంటూ వెనక్కి జరిగాడు.

రాజు స్వయంగా వెళ్ళి ఆ ఇంటి వెనకగది తెరిపించాడు. గోడ పొడవునా కుదువ వస్తువులు. చంటిపిల్లల ఊయల. చెక్కడాల చేతికర్ర. సన్నాయి. ఇంకా ఎన్నో. ఒక్కటీ అమ్ముకోలేదు. అన్నీ దుమ్ము దులిపి, నూనె రాసి ఉన్నాయి.

"ఎందుకు దాచావురా ఇవి?"

"వచ్చినవాళ్ళు చూసి, ఎంత గొప్ప వస్తువులయ్యా నీవి అనేవారు ప్రభూ. ఇవ్వబుద్ధి కాలేదు," అని వల్లభయ్య తల దించుకున్నాడు.

"వీడికి శిక్ష నువ్వే చెప్పమ్మా," అన్నాడు రాజు.

"ఎవరి వస్తువు వాళ్ళ గడపకు ఈయనే మోసుకెళ్ళి ఇవ్వాలి. మాది కూడా. నేను మూడుసార్లు వచ్చాను ప్రభూ. ఇక నడవలేను."

వల్లభయ్య నడిచాడు. ఊయల ఇవ్వబోతే ఆ ఇంటి పిల్లవాడు గుమ్మంలో ఎదురొచ్చి, "ఇది ఎవరికి తాతా?" అని అడిగాడు. వాడు దాంట్లో పట్టడు. చేతికర్ర ఇవ్వబోతే ఆ ముసలావిడ మంచంలోనే ఉంది. "ఇప్పుడెందుకు నాయనా? నడిచే రోజులన్నీ గోడలు పట్టుకుని నడిచేశాను," అంది.

కట్టకడపట ఒక వేకువన సన్నాయితో నాంచారి ఇంటికి వచ్చాడు. కాళ్ళు బొబ్బలెక్కాయి. నాంచారి అరుగు మీద కూర్చోమంది. చెంబుతో మంచినీళ్ళిచ్చింది.

చెంబు చేతిలో పట్టుకుని వల్లభయ్య మెల్లిగా అన్నాడు. "అమ్మా, దారి పొడుగునా మీ నాన్నగారి గురించే చెప్పుకుంటున్నారు. ఆ పొద్దుపొడుపు పాట ఒక్కసారి ఊదుతావా? విని పోతాను."

నాంచారి సన్నాయిని ఒళ్ళో పెట్టుకుని కొంగుతో తుడిచింది.

"అది నాకు రాదు వల్లభయ్యగారూ. నేర్పాల్సినాయన మీరు పంపుతారని ఎదురుచూస్తూ పోయారు."

వల్లభయ్య నీళ్ళు తాగలేకపోయాడు. తెల్లవారుతున్నా ఆ ఊళ్ళో ఎక్కడా సన్నాయి మోగలేదు. సూర్యుడు తన దారిన తాను వచ్చాడు.

నీతి: ఒకరి ప్రాణంలాంటి వస్తువు మన దగ్గరుంటే వేళకు ఇచ్చేయాలి, వేళ దాటాక ఇస్తే వస్తువే చేరుతుంది, దాని కోసం చూసిన మనిషి ఉండడు.