బెల్లం మానిన కుదురమ్మ

ఏటికి అడ్డం ఎవరమ్మా?
చేటల చెవుల చినదమ్మా.
ఇసకో, బురదో, ఏదమ్మా?
అడుగేసి మాకు...

ఆ తరువాత ఇంకేదో ఉంది. "చూపమ్మా" అనో, "చెప్పమ్మా" అనో. చిన్నప్పుడు మేం ఆడపిల్లలం వరసగా చేతులు పట్టుకుని, ముందుదాని అడుగులోనే అడుగు వేస్తూ పాడుకునేవాళ్లం. రాసి దాచుకుందామంటే అప్పటికి నాకు రాయడం రాదు. పాట సగమే మిగిలింది. పాటలో ఉన్న ఆవిడ కథ మాత్రం మొత్తం ఉంది. వినండి.

అనగనగా, సంవత్సరాలకు ఇంకా ఎవరూ అంకెలు వేయని కాలంలో, వెదుళ్లేరు అనే ఏరు ఒకటి ఉండేది. దానికి ఒక వింత గుణం. వాన పడిన ప్రతిసారీ అడుగు మార్చుకునేది. నిన్న ఇసక ఉన్నచోట ఇవాళ ఊబి. నిన్న ఊబి ఉన్నచోట ఇవాళ గులకరాళ్లు. పైనుంచి చూస్తే అంతా ఒకటే నీళ్లు. పడవ వేద్దామంటే రాళ్లు, వంతెన కడదామంటే వరద.

అందుకని ఏరు దాటాలంటే ఊరందరికీ ఒక్కతే దిక్కు. ఆమె పేరు కుదురమ్మ.

కుదురమ్మ రాజుగారి ఏనుగు. రేవు దగ్గరే ఉండేది. నీళ్లలోకి దిగి, ఒక్కో కాలూ నెమ్మదిగా ఆనించి, కింద ఏముందో అరికాలితోనే తెలుసుకునేది. ఇసకైతే ముందుకు. బురదైతే పక్కకు. ఆమె వెనకే బళ్లు, మేకలు, పెళ్లివారు, బుట్టలమ్మేవాళ్లు. ఎంత చిత్రమో చూడండి. కొండంత ఒళ్లు, ఆ ఒంటికంతటికీ తెలివి అరికాళ్లలో.

దాటినవాళ్లు ఊరికే పోతారా? తలా ఒక బెల్లం ముక్క పెట్టేవారు. బిడ్డ పుడితే బెల్లం. పంట ఇంటికి వస్తే బెల్లం. అలిగి పుట్టింటికి పోయిన కోడలు తిరిగి వస్తే బెల్లం. ఆ కోడలే మళ్లీ అలిగి పోతుంటే, దాటించినందుకు ఆమె కూడా ఒక ముక్క పెట్టేది.

మొదట్లో కుదురమ్మ పెడితే తినేది. తరువాత పెట్టకపోతే చూసేది. ఆ తరువాత పెట్టేదాకా కదిలేది కాదు. గడ్డి రుచి పోయింది. లేత వెదురు చిగుళ్లు ముందు పడేసినా వాసన చూసి మొహం తిప్పుకునేది.

ఒకరోజు పెళ్లివారిని దాటిస్తోంది. పెళ్లికొడుకు ఆమె వీపు మీద కూర్చున్నాడు. ఏటి నడుమ కుదురమ్మ కాలు ఆనించి, ఇసకే అనుకుంది. ఇసక కాదు. పొట్ట దాకా ఊబిలో దిగబడింది. పెళ్లికొడుకు జారి నీళ్లలో మునిగి లేచాడు. తలపాగా మాత్రం ఆయనకంటే ముందే మామగారి ఊరు చేరింది. కుదురమ్మ ఎలాగో తన్నుకుని బయటపడింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆడపెళ్లివారు ఆ సంగతి చెప్పుకుని నవ్వుతూనే ఉన్నారు. కుదురమ్మ నవ్వలేదు. ఇసకకూ ఊబికీ తేడా తన కాలికి తెలియలేదు. అది ఆమెకు ఒక్కదానికే అర్థమైంది.

రాజుగారు గజవైద్యుణ్ణి పంపారు. ఆయన కాలెత్తమన్నాడు. అరికాల్లో వేలెడు తుమ్మముల్లు దిగి ఉంది. ఎప్పుడు గుచ్చుకుందని అడిగితే కుదురమ్మ చెప్పలేకపోయింది.

అప్పుడు వైద్యుడు మావటి దాలయ్యను కూర్చోబెట్టి విషయం చెప్పాడు. తీపి ఎక్కువై కాళ్లు మొద్దుబారాయి. బెల్లం పూర్తిగా మానితే స్పర్శ మెల్లగా తిరిగి రావచ్చు. అందాకా దాటించడం ఆపాలి. వచ్చే వానలనాటికి కాళ్లకు తెలివి వస్తే సరే. రాకపోతే రేవు పూర్తిగానే మూసేయాలి, కుదురమ్మ ఇంక ఏట్లో దిగకూడదు.

ఏనుగును ఏట్లో దిగవద్దనడమంటే, మిమ్మల్ని మీ ఇంటి గడప దాటి లోపలికి రావద్దన్నట్టే. దాలయ్య తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. కుదురమ్మ ఆయన భుజం మీద తొండం వేసి, మానేస్తానంది.

ఊరంతా కలిసి ఒక పని చేసింది. మంచి పనే అనుకుని చేశారు. పూజ చేసి, కుదురమ్మ కాలికి పసుపు దారం కట్టి, ఇది దీక్ష అన్నారు. దీక్ష అంటే మధ్యలో చెడకూడదు, చెడితే అంతా పోయినట్టేనని పెద్దలు గట్టిగా చెప్పారు.

రేవులో బట్టలుతికే ముత్తేలుకు ఒక గాడిద ఉండేవాడు. పేరు బూడిదయ్య. ఒళ్లంతా కలిపినా కుదురమ్మ చెవంత ఉండడు గాని ఆమెను అక్కా అని పిలిచేవాడు. ఆ రోజుల్లో జంతువులు మాట్లాడితే మనుషులు పని ఆపుకుని వినేవారు. బూడిదయ్య మాట్లాడితే మాత్రం, ఇది ఇప్పట్లో ఆగదని తెలిసి, పని చేసుకుంటూ వినేవారు. వాడు ఆ పసుపు దారం చూసి, అంత లావు కాలికి ఇంత సన్నని దారమా, ఇది నిన్ను ఆపుతుందా, నువ్వు దీన్ని మోస్తావా అని ఆటపట్టించాడు.

మొదట వచ్చినవాడు కామశెట్టి. బెల్లం వర్తకుడు, మంచి మనిషి. మనవడు పుట్టాడని పెద్ద దిమ్మ తెచ్చాడు. దీక్ష సంగతి ఆయనకూ తెలుసు. అయినా మనవడు రోజూ పుడతాడా అన్నాడు. ఒక్క ముక్కకు ఏమవుతుందన్నాడు. కుదురమ్మ తల అడ్డంగా ఊపింది. ఆయన మొహం చిన్నబోయింది. నా చేతి బెల్లం చేదయిందా అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఆ పూట కుదురమ్మ సరిగా తినలేదు. బెల్లం వద్దనడం సులువే, మనిషి మొహం అలా అయిపోతుంటే చూడడమే కష్టంగా ఉందని బూడిదయ్యతో చెప్పుకుంది. శెట్టిగారి మొహం శెట్టిగారు చూసుకుంటారు, ఇంట్లో అద్దం ఉందిగా అన్నాడు వాడు. కుదురమ్మకు నవ్వొచ్చింది. నవ్వాక ఆకలేసింది.

మొదటి రోజులు గడ్డుగానే గడిచాయి. తల బరువు, ఊరికే చిరాకు. దాలయ్య తోముతుంటే ఆయన మీదే నీళ్లు చిమ్మింది. కొన్నాళ్లకు ఒక పొద్దున, ఏమీ తోచక గరిక పరక ఒకటి నోట్లో వేసుకుని నమిలింది. ఆగింది. ఇంకొకటి నమిలింది. గరికలో తీపి ఉంది. సన్నగా, ఎక్కడో లోపల, అడిగితే తప్ప చెప్పనంత తీపి. ఇది ఎప్పటినుంచి ఉందని దాలయ్యను అడిగింది. పుట్టినప్పటినుంచీ ఉందన్నాడాయన.

ఇంతలో చలికాలం వచ్చింది. పొలాల్లో చెరకు గానుగలు ఆడాయి. పెద్ద పెద్ద కొప్పెరల్లో రసం కాగుతుంటే ఆ వాసన రేవు దాకా వచ్చేది. వాసనకు కాళ్లు లేవు గాని దారులన్నీ తెలుసు.

ఒక మధ్యాహ్నం దాలయ్య కునుకు తీస్తున్నాడు. కుదురమ్మ కాస్త అటు తిరిగి వద్దామనుకుంది. చూసి వచ్చేస్తాననుకుంది. గానుగ దగ్గర మనుషులు అన్నాలకు వెళ్లారు. చాప మీద బెల్లం అచ్చులు వరసగా ఆరబెట్టి ఉన్నాయి. ఇంకా వెచ్చగా ఉన్నాయి. తొండం దానంతట అదే వెళ్లినట్టు వెళ్లింది. ఒక అచ్చు నోట్లో పడింది.

పడ్డాక గాని ఆమె కాలి దారం వంక చూసుకోలేదు.

దీక్ష చెడింది, అంతా పోయింది అనుకుంది. ఇన్నాళ్లు పడ్డ తిప్పలు వట్టివైపోయాయి. పోయిందే పోయింది, ఇంక ఒకటి తింటే ఏం, చాపంతా తింటే ఏం. తొండంతో ఆ దారం తెంపి పొయ్యిలో పడేసి, రెండో అచ్చు మీదికి తొండం చాచింది.

అప్పుడే బూడిదయ్య బట్టల మూటతో ఆ దారినే వస్తున్నాడు. వాడు అరవలేదు, అడ్డం పడలేదు. పడినా ఏనుగు ముందు గాడిద ఎంత? పక్కనే వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, మొన్న గట్టు మీద నేను జారితే మూటలోంచి ఒక పంచె బురదలో పడింది. ముత్తేలు ఏం చేశాడో తెలుసా?" అన్నాడు.

కుదురమ్మ తల తిప్పి చూసింది. నోట్లో బెల్లం ఉంది.

"ఆ ఒక్క పంచెనీ మళ్లీ ఉతుక్కున్నాడు. ఎలాగూ ఒకటి పాడైందిగా అని మూటంతా విప్పి బురదలో పడేయలేదు."

తొండం గాలిలో చాలాసేపు ఆగింది. గానుగ ఎద్దు కూడా నెమరు ఆపి చూసింది. చివరికి తొండం ఖాళీగా కిందికి దిగింది. నోట్లోది మాత్రం మింగేసింది. అంతదాకా వచ్చాక ఎవరు మాత్రం ఏం చేస్తారు?

వెళ్లి దాలయ్యతో జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన తిట్టలేదు. కొత్త దారం కడదామని పసుపు తీయబోయాడు. కుదురమ్మ వద్దంది. దారం వద్దు, దీక్ష వద్దు, ఇవాళ ఇంక తినను, రేపటి మాట రేపు లేచాక చెబుతానంది. మర్నాడు లేచి, ఇవాళ కూడా తిననంది. గానుగ వాసన వచ్చే వేళకు దాలయ్య ఆమెను వెలగచెట్ల వైపు తిప్పుకొచ్చేవాడు. బూడిదయ్య వెంట నడుస్తూ, ఊళ్లో ఎవరి బట్టలు ఎలా మాస్తాయో కథలుగా చెప్పేవాడు. ఆ కథల్లో పడితే వాసన వచ్చిందో లేదో కూడా తెలిసేది కాదు.

చలి పోయింది. ఎండలు వచ్చాయి. ఒక సాయంత్రం ముగ్గురూ నడుస్తుండగా కుదురమ్మ ఉన్నట్టుండి ఆగిపోయింది. ముల్లేమో అని దాలయ్య వంగి చూశాడు. ముల్లు కాదు. ఎడమ ముందుకాలి మీద ఒక చీమ పాకుతోంది.

"చక్కిలిగింత పెడుతోంది," అంది కుదురమ్మ.

దాలయ్య అక్కడే నేలమీద కూలబడి నవ్వాడు, ఏడ్చాడు, మళ్లీ నవ్వాడు. చీమ ఎక్కడికి పోదలచుకుందో పోయేదాకా ఆమె కాలు కదపలేదు. అంత పెద్ద ఏనుగు, ఒక చీమకు దారి ఇచ్చి నిలబడింది. బూడిదయ్య కూడా కథ మధ్యలో ఆపి చీమనే చూశాడు.

వానలు పడ్డాయి. వెదుళ్లేరు నిండింది. వైద్యుడు కాళ్లు చూసి, ఇంక ఏటినే అడగాలన్నాడు. రేవు తెరుస్తున్నారని విని రాజుగారు, రాణిగారు బయల్దేరి వచ్చారు. ఊరంతా ఒడ్డు మీదే. రాజుగారి వెనక బంగారు పళ్లెం, పళ్లెం నిండా నేతి లడ్డూలు. మా చేత్తో తినిపించి నీళ్లలోకి పంపుతామన్నారు రాజుగారు.

దాలయ్య రాజుగారి వంకా, పళ్లెం వంకా చూశాడు. శెట్టిగారిని కాదనడం వేరు. రాజుగారి చేతి లడ్డూ కాదంటే, రేవు సంగతి తరువాత, తల సంగతి చూసుకోవాలి. యాలకుల వాసన కుదురమ్మ ముందే నిలబడింది. ఆమె కళ్లు మూసుకుంది. తెరిచింది. ముందుకాళ్లు మడిచి వంగింది.

"మహారాజా, మీ ప్రేమ నాకు కావాలి. దాన్ని లడ్డూలో కాక ఇంకెందులోనైనా పెట్టి ఇస్తారా?"

రాజుగారికి అర్థం కాలేదు. ఇంకెందులో పెట్టమంటావన్నారు. కుదురమ్మ కాస్త సిగ్గుపడి, వీపు చాలా రోజులుగా దురదగా ఉందంది.

రాణిగారు నవ్వారు. ఇంక రాజుగారు ఏం చేస్తారు? పట్టుబట్ట ఎగగట్టి, కొబ్బరి పీచు చేతపట్టి, ఒడ్డు పక్క నీళ్లలో ఏనుగు వీపు తోమారు. కిరీటం తడవకుండా బూడిదయ్య మూట మీద పెట్టారు. ఆ పూటంతా వాడు మెడ తిప్పలేదు. చూసి చూసి కామశెట్టి కూడా పీచు తీసుకుని నీళ్లలోకి దిగాడు. నా మనవడి బాకీ ఇది అంటూ చెవుల వెనక తోమాడు. కుదురమ్మకు అంత హాయి ఏ బెల్లంలోనూ దొరకలేదు.

తరువాత ఆమె ఏటికి ఎదురుగా నిలబడింది. వెనక బళ్లు, బుట్టలు, చంకల్లో పిల్లలు. మొదటి అడుగు ఆనించింది. ఇసక. చల్లగా, గరగరగా. రెండో అడుగు. గులకరాళ్లు, ఒక్కొక్కటీ గుండ్రంగా తెలుస్తోంది. మూడో అడుగు మెత్తగా దిగింది, ఆగిపోయింది. ఏమైందని దాలయ్య పైనుంచి అడిగాడు. ఏమీ కాలేదు, కాలికి తెలిసిందంది. పక్కకు జరిగి, మళ్లీ ఆనించి, ముందుకు నడిచింది. వెనకున్న పిల్లలు పాట అందుకున్నారు. అందరూ తడి కాళ్లతో, పొడి తలలతో అవతలి ఒడ్డు ఎక్కారు.

ఆ సాయంత్రం రేవులో అక్కా తమ్ముడే మిగిలారు. కుదురమ్మ ఒక మాట నెమ్మదిగా బయటపెట్టింది. పిల్లలు ఆ లడ్డూలు పంచుకుంటుంటే ఇప్పటికీ నోరూరింది. ఇంత చేశాక ఆశ చచ్చిపోతుందనుకుంది. ఇది ఎప్పటికి పోతుందని అడిగింది.

బూడిదయ్య గడ్డి నములుతూనే అన్నాడు.

"రేపూ వస్తుందక్కా, ఎల్లుండీ వస్తుంది, రానీ. ఆశ రాకుండా ఆపడం మన చేతిలో లేదు గాని, వచ్చినప్పుడల్లా దానికి పీట వేయకుండా ఉండడం మన చేతిలోనే ఉంది."