అత్తమ్మ కీళ్ళనొప్పుల సీసా

అనగనగా ఒక ఊళ్ళో, కొండ కింద ఊరే అనుకో, నూకరత్నం అని ఒక కోడలు ఉండేది. పెరట్లో వెనీలా తీగ పెంచింది. ఆ పువ్వు ఒక్క పూటే విచ్చుకుంటుంది. అందుకని పొద్దున్నే లేచి, అగ్గిపుల్లతో పువ్వు పువ్వుకీ పుప్పొడి అద్దింది. ఏడాదికి తొమ్మిది కాయలు దక్కాయి.

ఆ తర్వాత వాటిని వేడినీళ్ళలో ముంచి, గొంగళిలో చుట్టి, ఎండబెట్టింది. నల్లగా మెత్తబడ్డాయి. ఇక కేకులో వేసుకునేలా వాటి వాసన దిగాలంటే బ్రాందీలో నానాలి.

అప్పుడు రత్నం కొంగు బిగించి, బ్రాందీ షాపుకెళ్ళి ఒక సీసా కొనుక్కొచ్చింది. మొగుడు గవర్రాజు రోజూ వెళ్ళే షాపే. మగాడు రోజూ వెళ్తే ఎవరికీ పట్టదు తల్లీ, ఆడది ఒక్కసారి వెళ్తే ఊరంతటికీ జ్వరం వస్తుంది.

కాయలు నిలువునా చీల్చి, సీసాలో వేసి, అలమరలో చీకట్లో పెట్టింది. ఆరునెలలు ఆగాలి.

మొదటిసారి గవర్రాజు తూలుతూ వచ్చాడు. "నా పరువు తీశావు. ఏదీ సీసా? కాలవలో పోస్తా!"

పోస్తే ఏడాది కష్టం పోయినట్టే.

అప్పుడు మూల మంచం మీంచి అత్తగారు సన్యాసమ్మ లేచింది. రోజూ కోడల్ని సాధించే నోరే అది. "నా సీసా ముట్టావంటే చెయ్యి విరిగిపోద్ది. కీళ్ళనొప్పులకి నేనే తెప్పించుకున్నాను" అంది.

రెండోసారి నెల తర్వాత సీసా దగ్గరికి వచ్చాడు. "సీసా తరగలేదేమే అమ్మా?"

"నాకు చుక్క చాలురా. నీలాగా సీసాలు దింపను."

ఆ తర్వాత ముసలావిడే కాపలా. రోజూ పొద్దున్నే సీసా తీసి ఊపేది, వెలుగులో రంగు చూసేది, మళ్ళీ దాచేది. నలభై ఏళ్ళు ఆ ఇంట్లో చాకిరీ చేసింది కదా, "నాది" అన్న మొదటి వస్తువు అదే.

మూడోసారి ఆరునెలలకి వచ్చి మూత తీశాడు. ఇల్లంతా కమ్మటి వాసన!

"ఇదేం మందే అమ్మా?"

"నా కోడలి తెలివిరా. నీకు ఎక్కదులే" అంది సన్యాసమ్మ.

అప్పుడు రత్నం ఆ సీసాలోంచి రెండు చుక్కలు పిండిలో కలిపి, ఇసక పోసిన గిన్నెలో పెట్టి కేకు కాల్చి, మొదటి ముక్క అత్తగారికి పెట్టింది. ఆవిడ కళ్ళు మూసుకుని, బోసినోటితో చాలాసేపు చప్పరించింది. "పర్లేదే. తీపి కాస్త ఎక్కువైంది" అంది. రత్నానికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఏమిటీ? గవర్రాజంటే మన తాతయ్యేనా అంటావా? మెల్లిగా, వింటాడు! ఇప్పటికీ రెండు ముక్కలు ఎక్కువే అడుగుతాడు.

తీసినంత బ్రాందీ మళ్ళీ పోస్తూ, ఏటా కొత్త కాయ వేస్తూ, ఆ సీసా ఇంతవరకూ ఖాళీ కానివ్వలేదు నేను. మూత తీసినప్పుడల్లా ముందు మా అత్తమ్మకి దండం పెట్టుకుంటాను. ఆవిడ ఆ ఒక్క అబద్ధమూ ఆడకపోతే, నీ పుట్టినరోజు కేకుకి ఈ వాసన ఎక్కణ్ణించి వచ్చేది?

కథ కంచికి, సీసా అలమరకి,
కమ్మని వాసన వంటింటికి,
మనిద్దరం మన మంచానికి.