చుయ్ అన్న నూకరత్నం

నువ్వు ఊఁ కొట్టవు, నాకు తెలుసులే నాన్నా. నా గాజులు తిప్పుతూ ఉండు. అవి గలగలమంటే వింటున్నావని అనుకుంటాను.

అనగనగా కాలవ గట్టున ఒక ఊళ్ళో బుల్లెమ్మని ఒకావిడ ఉండేది. పూతరేకులు చేసేది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి పిండినీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద పరిచి లాగేసేది. చుయ్‌మనేది. అప్పుడు కాగితంలాంటి రేకు ఊడొచ్చేది.

ఆవిడకో కూతురు, నూకరత్నం. ఐదేళ్ళొచ్చినా ఒక్క మాట లేదు. పిలిస్తే చూడదు. రేకు ఊడుతుంటే మాత్రం రెప్ప వెయ్యకుండా చూసేది. "ఒక్కసారి దాని గొంతు వింటే చాలు దేవుడా" అని బుల్లెమ్మ దిగులు.

ముందు మాటలొస్తాయని వస కొమ్ము అరగదీసి నాకించింది. మాట రాలేదు. తర్వాత అమ్మవారికి ముడుపు కట్టింది. రాలేదు. ఆ తర్వాత ఇరుగూ పొరుగూ చేరి "అత్త అనవే, తాత అనవే" అని ఒకటే గోల. పిల్ల చెవులు మూసుకుని మంచం కింద దూరింది. దూరదూ మరి!

అప్పుడు అంగన్‌వాడీ టీచరు వరాలమ్మ వచ్చి కాసేపు కూర్చుని చూసింది. బుల్లెమ్మ అసలే వసపిట్ట. పిల్ల చెయ్యి చాపకముందే మంచినీళ్ళు, ముద్ద, బొమ్మ అన్నీ అందించేస్తోంది, మాట మీద మాట.

"అది అడగడానికి నువ్వు సందెక్కడిచ్చావే బుల్లెమ్మా? దానికిష్టమైన పని దగ్గర కాస్త నోరు మూసుకుని ఆగు" అంది వరాలమ్మ.

మర్నాడు బుల్లెమ్మ "చుయ్" అంటూ ఒక రేకు తీసింది. "చుయ్" అంటూ ఇంకోటి తీసింది. మూడోసారి గుడ్డ ఎత్తి పట్టుకుని ఆగిపోయింది. ఆవిడకి ఊరుకోవడమంటే ఎంత కష్టమో! కుండ కాగిపోతోంది. అప్పుడు పిల్ల అమ్మ చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. "ఇదీ మాటేనమ్మా, నాకు తెలిసింది" అని బుల్లెమ్మ వెంటనే గుడ్డ వేసింది. రేకు చిట్లింది. పోతే పోయిందిలే అనుకుంది.

కొన్నాళ్ళకి పిల్ల చెయ్యి లాగి, అమ్మ మొహంలోకి చూసింది. ఆ తర్వాత ఎన్ని రేకులు చిట్లాయో నేను చెప్పలేను. వానలు వెళ్ళాక ఒకరోజు, ఆగిన చెయ్యి పక్కనుంచి చిన్న గొంతు వచ్చింది.

"చుయ్."

బుల్లెమ్మ గుడ్డ వేసింది, ఏడ్చింది, మళ్ళీ వేసింది. కుండకి పసుపు రాసి దండం పెట్టింది. ఆ పూట రేకుల్లో బెల్లం, నెయ్యి వేసి చుట్టి వరాలమ్మకి పట్టుకెళ్ళింది. "నీ మేలు ఈ జన్మకి మర్చిపోనమ్మా" అంది. నూకరత్నం అమ్మా అనడానికి ఇంకో ఏడాది పట్టింది. బుల్లెమ్మకి తొందర లేదు.

నాకూ లేదు.

కుండ మీద రేకు, రేకులోన తీపి,
కథ వెళ్ళె కంచికి, మనం వెళ్దాం...

ఇదిగో, ఆగాను. గాజులు ఆపేశావేం?

ఏంటీ, "ఇం" అన్నావా? నా తండ్రే! నా బంగారమే! ఈ పూటకి నాకింకేం వద్దురా దేవుడా. మిగతాది నేను కలుపుతాలే నాన్నా.

ఇం...టికి.