ఉత్తకాలి చెప్పులు

నల్లబోడు గుట్ట మీద చెప్పులు వేసుకున్న జంతువు ఒక్కటీ ఉండేది కాదు. ఎలుగుబంటి తాతలు వేసుకోలేదు, కుందేలు ముత్తాతలు వేసుకోలేదు. గుట్ట నిండా కంకర, కంకర నిండా పల్లేరుకాయలు, అయినా అందరూ పుట్టిన కాళ్ళతోనే తిరిగేవాళ్ళు. అలాంటి చోట ఒకడు ఉత్తకాళ్ళతో పరుగెత్తడం నేర్పుతానని బడి పెట్టాడు. చేపపిల్లకు ఈత నేర్పుతానంటే ఎవరైనా నవ్వాలి కదా, ఇక్కడ ఎవరూ నవ్వలేదు. పైగా బడి నిండిపోయింది.

బడి పెట్టినవాడు నక్క, పేరు పానకాలు. ఎండాకాలం మొదట్లో పట్నం అంచుకు పోయి, ఒక పార్కు గోడ పక్క తుప్పల్లో దాక్కుని మనుషుల్ని చూసి వచ్చాడు. పొద్దున్నే కార్లలో వస్తున్నారు, రొప్పుతూ గుండ్రంగా పరుగెత్తుతున్నారు, మళ్ళీ కార్లెక్కి పోతున్నారు. వాళ్ళలో ఒకాయన ఉల్లిపొర లాంటి అట్ట ఉన్న బూట్లు వేసుకుని, మడమ నేలకు తగలకూడదని మిగతావాళ్ళకు గంటసేపు చెబుతున్నాడు. వేసుకున్నా వేసుకోనట్టే ఉంటుందట, అందుకే అంత ఖరీదట. వినేవాళ్ళు తలలూపుతున్నారు. చెప్పేవాడికి వినేవాడు ఎప్పుడూ లోకువే అని పానకాలుకు తెలుసు. ఇక ఆలస్యం చెయ్యకుండా గుట్టకు తిరిగొచ్చాడు.

వచ్చిన సాయంత్రమే అందర్నీ పోగేశాడు.

"మీరంతా తప్పు పరుగెత్తుతున్నారు," అన్నాడు.

"తప్పేంటయ్యా? పుట్టినకాడ్నించీ పరుగెత్తుతానే ఉన్నాంగా," అన్నాడు ఎలుగుబంటి బంగారయ్య.

"అదే తప్పు. ఆలోచించకుండా పరుగెత్తారు. ఏదీ, నాలుగడుగులు నడు. ముందు ఏం మోపుతున్నావో చూసుకో."

బంగారయ్య లేచి, తల వంచుకుని తన కాళ్ళనే చూసుకుంటూ నడిచాడు. "మడమ," అన్నాడు తప్పు చేసినవాడిలా.

"విన్నారా? మడమ మోపితే ఆ దెబ్బ మోకాలికి పోద్ది. మోకాల్నించి నడుముకి, నడుంనించి బుర్రకి."

బంగారయ్యకు అప్పటిదాకా నడుంనొప్పి లేదు. ఆ మాట వినగానే మొదలైంది.

కుందేలు మంగతాయారు వెనక నిలబడి వింటోంది. "మాకు ఉత్తకాళ్ళే కదా పానకాలూ, ఇంకేం నేర్పుతావు?" అని అడిగింది.

"మీవి ఉత్త ఉత్తకాళ్ళు," అన్నాడు నక్క. "నేను చెప్పేది పద్ధతి ప్రకారం ఉత్తకాళ్ళు." అంటూ రెండు మోదుగాకులు ఒకదానిమీద ఒకటి పెట్టి, దూసరితీగతో కాలికి కట్టి చూపించాడు. "ఇవి ఉత్తకాలి చెప్పులు. వేసుకుంటే అసలు వేసుకున్నట్టే ఉండదు."

"వేసుకున్నట్టు ఉండనప్పుడు వేసుకోడం దేనికి?"

"వేసుకుంటేనే కదమ్మా, వేసుకోనట్టుందని తెలిసేది."

మంగతాయారు ఆ మాటను ఎటు తిప్పి చూసినా అర్థం దొరకలేదు. దొరకని మాట గొప్ప మాటే అయ్యుంటుందని అనుకుంది. మంచివాళ్ళు మోసపోయేది సరిగ్గా అక్కడే. మర్నాడు తనే వెళ్ళి బళ్ళో చేరింది.

గురుదక్షిణ బాగానే ముట్టేది. బంగారయ్య తేనెపట్లు తెచ్చేవాడు, దుప్పులు రేగుపళ్ళు రాల్చేవి, అడవికోళ్ళు ఏడుస్తూ గుడ్లు ఇచ్చేవి. ఆకు చెప్పులు పూటకోసారి చిరిగేవి. చిరిగినప్పుడల్లా గురువుగారి దగ్గరే కొత్తవి తీసుకోవాలి. మోదుగచెట్లు గుట్టనిండా ఉన్నాయి కదా అని ఒక దుప్పి అంటే, "మంత్రించని ఆకు వట్టి విస్తరాకే," అని కళ్ళెర్రజేశాడు పానకాలు.

పాఠం ఒకటే, మునివేళ్ళ మీద పరుగెత్తాలి. బంగారయ్య అంతటి శరీరాన్ని మునివేళ్ళ మీదికి ఎక్కించి, చేతులు గాల్లో పెట్టుకుని, పక్కమీద నిద్రపోతున్న పిల్లాణ్ణి దాటబోతున్నవాడిలా నడిచేవాడు. నాలుగడుగులకోసారి బోర్లాపడేవాడు. మంగతాయారు వెనకకాళ్ళు పొడుగు, వాటిని పూర్తిగా ఆనించి గెంతడం కుందేళ్ళ అలవాటు. ఆ అలవాటు మానిపించడానికి పానకాలు ఆమెను కంకరలో ఎగిరించాడు. మూడోనాటికి పిక్కలు పట్టేశాయి, అరికాళ్ళు వాచాయి.

"నొప్పిగా ఉంది గురువుగారూ," అంది.

"మంచిది. పాత కాళ్ళు పోతున్నాయి."

"మరి కొత్తవి ఎప్పుడొస్తాయండీ?"

"నమ్మకం ఉండాలమ్మా. నమ్మకం లేనోళ్ళకి ఏ కాళ్ళూ రావు."

ఇదంతా ఆటపాటల వ్యవహారమైతే నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ ఆ గుట్ట మీద పరుగంటే ప్రాణం. ఎండాకాలంలో నీళ్ళు కిందనున్న వాగు చెలమలో తప్ప ఇంకెక్కడా ఉండవు. గుట్టకూ వాగుకూ మధ్య చెట్టనేది లేని కంకరనేల. వాగు పక్కన బండమీద చిరుతపులి పడుకుని ఉంటాడు. అందుకే పొద్దు వాలే వేళ అందరూ ఒక్కసారిగా పరుగెత్తి, గబగబా తాగి, ఒక్కసారిగా తిరిగి వచ్చేవాళ్ళు. ఎవరు వెనకబడితే వాళ్ళు ఆ పూట చిరుతపులి వంతు. అదీ ఆ గుట్ట ఆచారం.

బడి మొదలయ్యాక ఆచారం చిరుతపులికి బాగా కలిసొచ్చింది. ఒక లేత దుప్పి, వేళ్ళు సరిగ్గా పడుతున్నాయో లేదో అని కాళ్ళవంకే చూసుకుంటూ పరుగెత్తి, నేరుగా పులి ముందుకు పోయింది. దాని తల్లి వచ్చి ఏడిస్తే, "అడుగు బాగానే పడింది, చూపు కుదరలేదు," అన్నాడు పానకాలు. ఆ మాట అన్నాక కూడా అతనికి తేనె వెళుతూనే ఉంది, నాకు అన్నిటికన్నా మండేది అదే.

మంగతాయారుకు బొరియలో నాలుగు పసిపిల్లలు. తను నీళ్ళు తాగితేనే వాటికి పాలు. వాచిన కాళ్ళతో ఆ సాయంత్రం కిందకు దిగింది కానీ, కంకరనేల అంచున ఒక బలుసు తుప్పలో కూలబడిపోయింది. అందరూ పరుగెత్తి పోతుంటే చూస్తూ కూర్చుంది. పిల్లలు ఎండిన రొమ్ములు చీకి చీకి ఏడవడం గుర్తొచ్చి ఆమెకు గుండె చెరువైంది.

అప్పుడు పానకాలు వచ్చాడు. శిష్యుల అడుగులు వెనకనుంచి చూసి తప్పులు పట్టాలని రోజూ అందరికన్నా ఆఖర్న బయలుదేరడం అతని అలవాటు. అటూ ఇటూ చూసి, తుప్పకు అవతలి పక్కన కూర్చుని, నాలుగు ఆకు చెప్పులూ విప్పి ఆకుల కింద దాచాడు. తర్వాత అరికాళ్ళు నేలకు పూర్తిగా ఆనించి, వాళ్ళమ్మ నేర్పినట్టే చక్కగా పరుగెత్తాడు. ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకునే హడావుడిలో అతని కాళ్ళు ఎవరూ చూడలేదు. నీళ్ళు తాగి వచ్చి మళ్ళీ కట్టుకుని, రొప్పుతున్న శిష్యుల ముందు నిలబడి, "ఇవాళ చాలామంది మడమ మోపారు," అన్నాడు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మంగతాయారుకు అప్పుడు అర్థమైంది. కానీ ఆ సంగతి బయటపెట్టి లాభం లేదు. నక్క అబద్ధమాడాడని కుందేలు చెబితే సభలో నెగ్గేది నక్కే.

మర్నాడు సాయంత్రం అందరూ చేరాక, ఆమె చేతులు కట్టుకుని ముందుకొచ్చింది.

"గురువుగారూ, మేం మొద్దులం. నోటితో చెబితే మాకు ఎక్కట్లా. ఇవాళ తమరు ముందు పరుగెత్తండి. తమరి అడుగులో అడుగేసుకుంటూ వెనక మేం వస్తాం."

పానకాలు గతుక్కుమన్నాడు. "గురువు వెనకుండాలమ్మా. శిష్యుల్ని కాపు కాయాలి."

"ఏ ఊళ్ళో సంగతయ్యా అది?" అన్నాడు బంగారయ్య. "గురువన్నవాడు ముందే నడుస్తాడు. నేను తేనె ఇస్తంది నీ వీపు చూట్టానికేగా."

దుప్పులన్నీ అవునన్నాయి. కాదంటే రేపటినుంచి తేనె రాదు. పానకాలు సరే అన్నాడు.

"చెప్పులు నేను కడతానండీ," అంది మంగతాయారు. "గురువుగారి పాదుకలు కట్టే భాగ్యం మళ్ళీ ఎప్పుడొస్తదో."

కాదనడానికి అతనికి దారి లేదు. శిష్యులు గురువు కాళ్ళు పడతామంటే వద్దన్న గురువు లోకంలో లేడు. మంగతాయారు పచ్చి దూసరితీగ తెచ్చి, నాలుగు కాళ్ళకూ చుట్టలు చుట్టి, ముడిమీద ముడి వేసి, చివర్లు పళ్ళతో బిగించింది.

"కాస్త వదులు చెయ్యి తల్లీ."

"వేసుకున్నట్టే ఉండదన్నారుగా గురువుగారూ."

పానకాలు పరుగందుకున్నాడు. పది మందీ చూస్తున్నారు కాబట్టి మునివేళ్ళ మీదే పరుగెత్తాలి. ఆకు కంకరమీద జారింది, తీగ పల్లేరుకు తగులుకుంది. బండమీద చిరుతపులి తల ఎత్తాడు.

"మావా, అవి పీకి పారెయ్," అంది మంగతాయారు బంగారయ్యతో. "మడమ మోపి పరుగెత్తు. మీ అమ్మ నేర్పిన పరుగు." తన చెప్పులు అప్పటికే పళ్ళతో తెంపేసింది. దుప్పులూ చూసి విదిలించుకున్నాయి. ఆమె కాళ్ళు ఇంకా సలుపుతున్నాయి, అయినా పొడుగు పాదాలు నేలకు నిండుగా ఆనించి గెంతింది. నేల కాలికి తగిలి ఎన్నాళ్ళైందో. చెలమ దగ్గర కడుపునిండా తాగింది. తలెత్తి చూస్తే తన వెనక పులి లేడు. పులికి వేరే పని ఉంది.

పానకాలు నడిబయల్లో బోర్లాపడి తీగ కొరుకుతున్నాడు. చిరుతపులి నింపాదిగా నడిచొచ్చి వీపుమీద పంజా వేశాడు.

"దొరా, ఒక్క మాట," అన్నాడు పానకాలు. ఆ స్థితిలో కూడా అతనికి బేరం పోలేదు. "తమరి పరుగులో చిన్న లోపం ఉంది. నాలుగు రోజులు టైమివ్వండి, మునివేళ్ళ మీద పరుగెత్తడం నేర్పుతా."

"మా జాతి పుట్టిందే మునివేళ్ళ మీద," అన్నాడు చిరుతపులి. "నీ దగ్గరికొచ్చింది వాటిమీదే. వినపడలేదా?" అని అతన్ని మెడ పట్టుకుని బండ కిందున్న తన గుహదాకా ఈడ్చుకుపోయాడు. గుమ్మం దగ్గర ఆగి ఆ ఆకుల్ని అసహ్యంగా చూశాడు. "ఇవి ఇక్కడే విడువు. చెప్పులతో మా ఇంట్లోకి ఎవర్నీ రానివ్వం."

మర్నాడు అందరూ నీళ్ళకు వెళ్ళినప్పుడు గుహ బయట నాలుగు ఆకు చెప్పులు వరసగా ఉన్నాయి.

"గురువుగారు లోపలున్నట్టున్నారు," అన్నాడు బంగారయ్య. అతనిది మంచి మనసు, బుర్ర కాస్త నిదానం.

"ఉన్నారు మావా," అంది మంగతాయారు, మూతి తుడుచుకుంటూ. "పద, పిల్లలు పాలకేడుస్తారు."

నీతి: నీ కాళ్ళు నీకే అమ్మేవాడు ఎదురైతే, వాడి సరుకు కట్టి వాణ్ణే ముందు పరుగెత్తించు.