జానెడు వెనక్కి జరగని కోరయ్య

అనగనగా ఒక అడవి ఉండేది. అడవి అనగానే మీరు చెట్ల వైపు చూస్తారు. ఈ కథ చెట్ల కింద, మట్టి లోపల జరిగింది.

అక్కడ పక్కకోర పాములు కాపురం ఉండేవి. సన్నగా నల్లగా ఉంటాయి, పడగ ఉండదు, కళ్లు ఆవగింజలంత. కానీ వాటి విషం మహా చెడ్డది. నోరు తెరవకుండానే పెదవి పక్కనుంచి కోర బయటికి వస్తుంది. అందుకే ఇరుకు బొరియలో రెండు పాములు ఒరుసుకుంటూ పోవడానికి వీల్లేదు, గుచ్చుకుంటుంది. ఎదురుపడితే ఎవరో ఒకరు వెనక్కి జరగాలి. ఖాళీ కడుపుతో ఉన్నవాళ్లు జరగాలనీ, తిని బరువుగా వచ్చేవాళ్లకి దారివ్వాలనీ పెద్దలు ఎప్పుడో కట్టుబాటు పెట్టారు.

వాళ్లలో కోరయ్య అని ఒకడుండేవాడు. ఒకరోజు పొద్దున్నే బొరియలోంచి తల బయటపెట్టి చూశాడు. దారి మధ్యలో నాగుపాము పడగెత్తి కూర్చుంది. ఎదురుగా వచ్చిన నక్క నాలుగడుగులు వెనక్కి వేసి, తోక ముడిచి పోయింది.

"ఆహా, విషమున్నవాడు వెనక్కి జరగకూడదన్నమాట," అనుకున్నాడు కోరయ్య. నాగుపాము చుట్టూ బోలెడంత ఖాళీ స్థలం ఉందని మాత్రం గమనించలేదు.

లోపలికి వస్తుంటే మన్నయ్య తాత ఎదురయ్యాడు. కడుపులో తొండ ఉంది, ఆయాసపడుతున్నాడు.

"జరుగు నాయనా," అన్నాడు తాత.

"విషమున్నవాడు వెనక్కి జరగడు తాతా," అన్నాడు కోరయ్య.

"నాకు మాత్రం లేదా విషం?" అని గొణుక్కుంటూ ముసలాయనే జరిగాడు.

మర్నాడు అత్తగారు గుల్లమ్మ ఎదురైంది. రెండు ఎలుక పిల్లల్ని మింగి, మోయలేక మోయలేక వస్తోంది.

"కాస్త దారియ్యి అల్లుడూ."

"విషమున్నవాడు వెనక్కి జరగడు అత్తయ్యా."

అల్లుడితో గొడవెందుకని ఆవిడా మూలుగుతూ జరిగింది. కోరయ్యకి గర్వం నెత్తికెక్కింది.

మూడో రోజు కోరయ్య పైకి వెళ్తుంటే బావమరిది దుగ్గయ్య కిందికి వస్తున్నాడు. ఇద్దరి మూతులూ ఆనుకున్నాయి.

"జరగరా," అన్నాడు కోరయ్య.

"విషమున్నవాడు వెనక్కి జరగడు బావా. మా అమ్మకి నువ్వే చెప్పావట. మంచి మాట కదాని బట్టీ పట్టాను."

అంతే, ఇద్దరూ బిగుసుకుపోయారు. పొద్దుగూకింది, మళ్లీ తెల్లారింది. చుట్టాలు బతిమాలారు, తిట్టారు, చివరికి విసిగిపోయి పక్కనుంచి కొత్త దారి తవ్వుకున్నారు. దాని మొదలు కోరయ్య తోకకి జానెడు వెనకాల ఉంది. వచ్చేపోయేవాళ్లు "ఏం కోరయ్యా, ఇంకా ఇక్కడేనా?" అని పలకరించి మరీ పోతున్నారు.

కోరయ్య భార్య రంగి వచ్చింది. "ఏమయ్యా, ఒక్క జానెడు జరిగితే పక్క దారిలో పడి పోవచ్చు కదా."

"జానెడైనా వెనకడుగు వెనకడుగే."

"అడుగు వెయ్యడానికి నీకు కాళ్లెక్కడివయ్యా?"

కోరయ్య ఆ మాట చెవిన పెట్టలేదు. పాములకి చెవులుండవనుకోండి, ఉన్నా వినేవాడు కాదు.

ఆ మధ్యాహ్నం కుంభవృష్టి పట్టుకుంది. అడుగు గదులు నిండిపోయి, నీళ్లు బొరియలోంచి పైకి ఎక్కడం మొదలుపెట్టాయి. పాములన్నీ కొత్త దారిలో బిలబిలా పైకి పాకాయి. కోరయ్య తోక తడిసింది.

"జరగరా దుగ్గయ్యా, నీళ్లొస్తున్నాయి."

"నాకు ఇక్కడ పొడిగానే ఉంది బావా."

అప్పుడు వెనకనుంచి రంగి గొంతు వినిపించింది. అందరూ పోయినా ఆమె మాత్రం కొత్త దారి మొదట్లోనే ఆగిపోయింది.

"పైకి పోవే. నీళ్లు ఎంతదాకా వచ్చాయి?" అని అరిచాడు కోరయ్య.

"మెడదాకా. నువ్వు కదిలితేగాని నేను పోను."

కోరయ్యకి దుగ్గయ్యా గుర్తులేడు, నాగుపాము పడగా గుర్తులేదు. గబగబా జానెడు వెనక్కి జరిగాడు. రంగిని ముందు పెట్టుకుని పక్క దారిలో పైకి పాకాడు.

"గెలిచాను," అంటూ దుగ్గయ్య ముందుకి ఉరికాడు. తిన్నగా నీళ్లలో పడ్డాడు. నాలుగు గుక్కలు మింగి, వచ్చిన దారినే బయటిదాకా తోకతో దారి వెతుక్కుంటూ వెనక్కి పాకాడు.

పైన తడి గడ్డి మీద చుట్టాలందరూ ఉన్నారు. కోరయ్య సిగ్గుతో తల దించుకున్నాడు.

"ఎంత దూరం జరిగావు నాయనా?" అని అడిగాడు మన్నయ్య తాత.

"జానెడు, తాతా."

"నేను తొండని మోస్తూ ఇరవై జానలు జరిగాను. నీకు జానెడుకి రెండు రోజులు పట్టిందా?"

అందరూ నవ్వారు. రంగి మాత్రం నవ్వలేదు, ఇంకా వణుకుతోంది. కోరయ్య ఆమె చుట్టూ చుట్టుకుని, ఆ పూటంతా కదలకుండా కూర్చున్నాడు.

నీతి: ఇరుకు దారిలో వెనక్కి తగ్గినవాడు చిన్నవాడైపోడు; పంతం పట్టినవాడు తనతోపాటు తనవాళ్లనీ ముంచుతాడు.